కాన్పుల లెక్క ఎవరు చెప్పాలి?

తెలంగాణలో నూరు మంది ప్రసవిస్తే అరవై మందికి పెద్దాపరేషనే అవుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన అంకె 60.7 శాతం. ఆ సర్వేలో దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని సిజేరియన్లు లేవు. దేశం మొత్తం మీద సగటు 21.5 శాతమే. ఈ అరవై లోపలికి వెళ్లి చూస్తే ఇంకో తేడా కనబడుతుంది. సర్కారు దవాఖానల్లో 44.5 శాతం, ప్రైవేటులో 81.5 శాతం. నిజామాబాద్ జిల్లా మాక్లూర్‌లో నొప్పులు మొదలైన ఆడబిడ్డను ఇంటివాళ్లు అటు ఆర్మూర్‌కన్నా తీసుకుపోతారు, ఇటు నిజామాబాద్‌కన్నా తీసుకుపోతారు. రెండుచోట్లా సర్కారు దవాఖానా ఉంది, ప్రైవేటు నర్సింగ్‌హోములూ ఉన్నాయి. బండి ఏ గేటు ముందు ఆగిందన్నదాన్ని బట్టి పొట్ట మీద కోత పడే అవకాశం ఇంతగా మారిపోతోందంటే, కారణం ఆమె ఒంట్లోనే ఉందనుకోలేం. కష్టమైన కేసులు ప్రైవేటుకు పోతాయి కాబట్టి అక్కడ కోతలు ఎక్కువని కొందరు సర్దిచెబుతారు. జిల్లాల్లో జరిగేది తరచూ అందుకు తలకిందులు. చేయి దాటిపోయిన కేసును చివరికి పంపేది సర్కారువైన నిజామాబాద్ జనరల్ ఆసుపత్రికో, హైదరాబాద్ గాంధీ ఆసుపత్రికో.

వైద్య నీతి అనగానే మన ఆలోచన ఒక రోగి, ఒక డాక్టరు, ఒక నిర్ణయం దగ్గర ఆగిపోతుంది. తప్పు జరిగిందా లేదా అని ఆ ఒక్క గదిలోనే వెతుకుతాం. సిజేరియన్ల విషయంలో ఆ గదిలో వెతికితే ఏమీ దొరకదు. ప్రతి కేసు షీటులో ఒక కారణం రాసే ఉంటుంది: ఉమ్మనీరు తగ్గింది, బిడ్డ గుండె వేగం పడిపోయింది, నొప్పులు ముందుకు సాగడం లేదు. వీటిలో ప్రతిదీ నిజమయ్యే అవకాశం ఉంది, ప్రతిదీ ప్రాణాల మీదికి తేగలదే. ఏ ఒక్క ఆపరేషన్‌నూ విడిగా పట్టుకుని అనవసరమని నిరూపించడం దాదాపు అసాధ్యం. కానీ ప్రైవేటులో పదిమంది తల్లుల్లో ఎనిమిది మందికి మామూలు కాన్పు సాధ్యం కాదంటే నమ్మగలమా? కూడితే తప్ప కనబడని తప్పు ఇది. అందుకే, తన చేతి మీదుగా జరిగిన కాన్పుల్లో ఎన్ని కోతలయ్యాయో లెక్కపెట్టుకోవడం, ఆ లెక్కను ఊరికి చూపించడం డాక్టరు నీతిలో భాగమేనని నా వాదన. రోగి పట్ల బాధ్యత, ప్రజారోగ్యం పట్ల బాధ్యత రెండూ ఆ లెక్క దగ్గరే కలుస్తాయి.

నిర్ణయం జరిగే క్షణాన్ని కాస్త దగ్గరగా చూడాలి. స్కానింగ్ చూసి ‘బిడ్డ మెడకు పేగు చుట్టుకుంది’ అంటారు. ఆ మాట విన్న అత్తకు, తల్లికి కళ్లముందు కనబడేది ఉరి. నిజానికి నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో పేగు మెడకు చుట్టుకునే ఉంటుంది. చాలాసార్లు తల బయటికి రాగానే నర్సు వేలితో ఆ చుట్టును తప్పిస్తుంది, బిడ్డ ఏడుస్తుంది. అదొక్కటే కోతకు కారణం కాదు. ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగం మాత్రమే చెప్పి సంతకం తీసుకుంటే, అబద్ధం చెప్పకుండానే భయపెట్టినట్టు.

లేబర్ రూములో పార్టోగ్రాఫ్ అనే కాగితం ఒకటి ఉంటుంది. గర్భాశయ ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో నాలుగు గంటలకోసారి, బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారి అందులో గుర్తు పెడతారు. గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాలన్నది పాత లెక్క. అంతకన్నా నెమ్మదిస్తే కాన్పు ఆగిపోయినట్టే చూసేవారు. ఆ వేగం అందరికీ వర్తించదని, జోరు నొప్పుల దశ ఐదు సెంటీమీటర్ల దగ్గరే మొదలవుతుందని, తల్లీబిడ్డా బాగుంటే ఆ ఒక్క కారణంతో కోతకు పోవద్దని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తొలిచూలుకు ఆ దశ పన్నెండు గంటల దాకా పట్టవచ్చు. సిజేరియన్ గంటలో అయిపోతుంది. పన్నెండు గంటలు పక్కన కూర్చున్నందుకు బిల్లులో పద్దు ఉండదు, ఆ గంట పనికి ఉంటుంది.

అయితే ఇదంతా డబ్బు కోసమేనని తేల్చేస్తే 44.5 శాతానికి జవాబు దొరకదు. సర్కారు దవాఖానా కోతల లాభంతో నడిచేది కాదు. అక్కడ కారణాలు వేరు: రాత్రి డ్యూటీలో మత్తు డాక్టరు దొరకడేమోనన్న బెంగతో పగలే కానిచ్చేయడం, ఒక డాక్టరు మీద ఇద్దరు ముగ్గురి భారం, అన్నిటికీ మించి ముందు కాన్పులోనే కోత పడి వచ్చిన తల్లులు. తొలి కోత మలి కోతను వెంటబెట్టుకొస్తుంది. పాత కుట్టు మీద మాయ అతుక్కుంటే రక్తస్రావం ఆగక గర్భసంచే తీసేయాల్సి రావచ్చు. బీడీలు చుట్టి బతికే ఆడవాళ్లున్న నిజామాబాద్ ప్రాంతంలో కుట్లతో కూర్చోలేని వారాలన్నీ కూలి పోయిన వారాలే.

జనమే అడుగుతున్నారు కదా అన్నది డాక్టర్లు ముందుగా చెప్పే మాట. అది పూర్తిగా అబద్ధం కాదు. పంతులు రాసిచ్చిన ముహూర్తపు చీటీతో వచ్చే కుటుంబాలున్నాయి, నొప్పులు భరించలేనని ఏడ్చే అమ్మాయిలున్నారు. కానీ జనం యాంటీబయాటిక్ సూదులు, సెలైన్లు కూడా అడుగుతారు. అవసరం లేదని చెప్పడానికే కదా అన్నేళ్ల చదువు. పైగా అడుగుతున్నది ఎవరో చూడాలి. ఈ జిల్లాలో భర్త గల్ఫ్‌లో ఉండగా కాన్పయ్యే ఆడవాళ్లు ఎందరో. ఫోన్లో భర్త సరేనంటాడు, కాగితం మీద అత్త వేలిముద్ర వేస్తుంది. ఒప్పుదల ఎవరిదై ఉండాలో సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. మత్తులో ఉన్న రోగి తరఫున ఆమె తల్లి ఇచ్చిన ఒప్పుదలతో గర్భసంచి తీసేసిన కేసు అది. ప్రాణాపాయం లేనప్పుడు, తెలివితో నిర్ణయించుకోగల, వయసొచ్చిన మనిషి తరఫున వేరొకరి ఒప్పుదల చెల్లదని, ఏం చేస్తున్నారో, వేరే దారి ఏముందో, ఏ ముప్పు ఉందో రోగికే చెప్పాలని కోర్టు స్పష్టం చేసింది. నొప్పుల మధ్య అరనిమిషంలో ముగిసే సంభాషణతో ఆ బాధ్యత తీరదు. ఏడో నెలలో, ఎనిమిదో నెలలో చెకప్‌కు వచ్చినప్పుడే ఆ మాటలు మొదలవ్వాలి.

రెండో మాట భయం. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. కాన్పులో తల్లికేమన్నా అయితే ఆసుపత్రి అద్దాలు పగులుతాయి, డాక్టరు మీద చేయి పడుతుంది. రాజస్థాన్‌లోని లాల్‌సోట్‌లో 2022 మార్చిలో కాన్పు తర్వాత రక్తస్రావంతో ఒక తల్లి చనిపోతే, డాక్టర్ అర్చనా శర్మ మీద హత్య కేసు పెట్టారు. ఆమె ఆత్మహత్య చేసుకున్నారు. అలాంటి ఘోరం చూశాక ఏ డాక్టరైనా ముందు తన రక్షణ చూసుకుంటారు. జేకబ్ మాథ్యూ కేసులో 2005లోనే సుప్రీంకోర్టు, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవదని చెప్పింది. పోలీసులు దాన్ని పాటించేలా చూడటం సర్కారు బాధ్యత, దాడులను ఖండించడం మనందరి బాధ్యత. కానీ డాక్టరు భయానికి మూల్యం తల్లి పొట్ట చెల్లించకూడదు. ఎదురుచూసి మామూలు కాన్పు చేయించిన డాక్టరును కాపాడేది నిజాయితీగా నింపిన పార్టోగ్రాఫ్, బయటికి చూపిన లెక్క.

కోతలు పెరిగాయి కాబట్టే తల్లుల మరణాలు తగ్గాయని మరో వాదన. 2018-20లో తెలంగాణలో లక్ష సజీవ జననాలకు 43 మంది తల్లులు చనిపోయారు. మునుపటితో పోలిస్తే అది గొప్ప తగ్గుదలే. అదే కాలంలో కేరళలో ఆ అంకె 19, అక్కడ సిజేరియన్లు 38.9 శాతం. సమయానికి కోత అందక తల్లులు చనిపోయే ఊళ్లు ఉన్నాయి, కోత చెడ్డదని ఎవరూ అనడం లేదు. అయితే ఒక హద్దు దాటాక అది కాపాడే ప్రాణాలు పెరగవు.

లెక్క బయటపెడితే డాక్టర్లు కష్టమైన కేసులు ముట్టరని, మంచి ఆసుపత్రికే చెడ్డపేరు వస్తుందని అనేవాళ్లున్నారు. అభ్యంతరం సబబే, జవాబూ ఉంది. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు ధర చెప్పేటప్పుడు కాడి రకాన్ని, గోల రకాన్ని కలిపి చెప్పరు. కాన్పులను కూడా అలాగే వేరుచేసే పద్ధతిని మైకేల్ రాబ్సన్ 2001లో ప్రతిపాదించారు: తొలిచూలా, ముందు కోత ఉందా, బిడ్డ ఒకటా కవలలా, తల కిందికి ఉందా, నెలలు నిండాయా అని చూసి పది తరగతులుగా విడదీస్తారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అన్ని దేశాలకూ సిఫార్సు చేసింది. పాత కోతలతో, కవలలతో వచ్చిన తల్లులను చేర్చుకున్న డాక్టరుకు ఇందులో అన్యాయం జరగదు. నెలలు నిండి, నొప్పులు వాటంతటవే వచ్చి, తల కిందికి ఉన్న ఒకే బిడ్డతో వచ్చిన తొలిచూలు తల్లుల్లో ఎందరికి కోత పడిందన్నదే అసలు ప్రశ్న. దానికి కావలసిన వివరాలు చాలావరకు లేబర్ రూము రిజిస్టరులో ఇప్పటికే ఉన్నాయి.

కోతలు తగ్గించాలంటే పక్కన కూర్చునే మనుషులూ కావాలి. 2017లో కరీంనగర్‌లో సర్కారు, యూనిసెఫ్, హైదరాబాద్ ఫెర్నాండెజ్ సంస్థ కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. ఆ శిక్షణ పొందినవాళ్లు ప్రతి మండలంలోనూ ఉండేలా పోస్టులు, జీతాలు ఇవ్వాల్సింది సర్కారే. ఆలోపు ఆర్మూర్, నిజామాబాద్ సర్కారు దవాఖానలు తొలిచూలు లెక్కను నెలనెలా గేటు దగ్గర బోర్డు మీద రాయడం మొదలుపెట్టవచ్చు. ఆ తర్వాత అదే పని చేయమని ప్రైవేటు నర్సింగ్‌హోములను అడిగితే, కాదనడానికి వాళ్ల దగ్గర కారణం మిగలదు.