'మేము' నుంచి 'మనం' దాకా: తెలుగు యాత్రాకథనంలో అపరిచితులతో గడిపిన రాత్రి

వ్యాస సంగ్రహం

తెలుగు యాత్రారచన పగటికి ఇచ్చిన చోటు రాత్రికి ఇవ్వలేదు. చూసిన ప్రదేశాలు వివరంగా నమోదవుతాయి. అపరిచితులతో గడిపిన రాత్రి 'బసకు చేరాం' అన్న మాటతో ముగుస్తుంది. నెల్లూరు జిల్లా మనుబోలుకు చెందిన ఒక విద్యార్థి జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో కొత్త స్నేహితులతో గడిపిన ఒక రాత్రిని స్వగ్రామంలో రెండు సందర్భాల్లో చెప్పాడు. ఆ రెండు కథనాలను తెలుగు యాత్రారచన సంప్రదాయం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగుకు సహజమైన 'మేము', 'మనం' భేదమే ఈ పరిశీలనకు ఆధారం.

కీలక పదాలు: యాత్రారచన, మజిలీ, సత్రం, మౌఖిక కథనం, ఉత్తమపురుష బహువచనం.

1. ప్రవేశిక

వీపున ఒక సంచీ తగిలించుకుని, తక్కువ ఖర్చుతో, ముందస్తు ఏర్పాట్లు లేకుండా దేశాలు తిరిగేవారిని ఇప్పుడు తెలుగులోనూ బ్యాక్‌ప్యాకర్లనే అంటున్నారు. దీనికి తెలుగు మాట స్థిరపడకపోవడం గమనార్హం. 'బాటసారి' గమ్యం ఉన్నవాడు. 'సంచారి'లో వైరాగ్యపు ఛాయ ఉంది. 'దేశదిమ్మరి'లో నింద ఉంది. 'తిరుగుబోతు' అన్న మాటలో తిరగడమే దుర్నడతకు పర్యాయమైంది. రాత్రిపూట తిరగడమంటే ఆ నింద రెట్టింపవుతుంది, స్త్రీల విషయంలో మరీనూ. యాత్రికుడు కొత్తవారితో ఊరు తిరిగిన రాత్రి మన గ్రంథాల్లో అరుదుగా కనిపించడానికి అనుభవం కొరవడటం ఒక్కటే కారణం కాదు. అనుభవాన్ని నిందలేకుండా చెప్పే మాట దొరకకపోవడం కూడా కారణమే.

అయితే రాత్రిని చెప్పే రూపం తెలుగులో లేకపోలేదు. దాని పేరు మజిలీ.

2. మజిలీ: రెండు నమూనాలు

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన ఆయన తన ప్రయాణాన్ని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు ఎప్పటికప్పుడు రాసి పంపాడు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర'కు ప్రమాణం మజిలీ. ఊరి ఎత్తుపల్లాలు, నీటి వసతి, సత్రం, అంగళ్ళు, నివసించే కులాలు, దొరికే దినుసులు అందులో నమోదవుతాయి. యాత్రికుడు పెద్ద పరివారంతో కదిలేవాడు కనుక, ఏ ఊళ్ళో ఆగినా ఆ రాత్రికి ఆయన చుట్టూ ఉండేది ముందే తనదైన సమూహం. అపరిచితుల గురించి సమాచారం ఉంటుంది; వారితో కలిసి గడిపిన కాలం తక్కువ. ఈ మాట దోషారోపణగా అనడం లేదు. వెనుక వచ్చే యాత్రికుడికి ఉపయోగపడాలన్న లక్ష్యమే ఆ రచన బలం.

రెండవ నమూనా మధిర సుబ్బన్న దీక్షితకవి 'కాశీమజిలీ కథలు'. మణిసిద్ధుడనే యతి, గోపబాలుడు కాశీకి నడుస్తారు. దారిలో కనబడిన వింత గురించి పిల్లవాడు అడుగుతాడు. మజిలీలో గురువు కథ చెబుతాడు. ఇక్కడ ప్రయాణం పగలు జరిగినా కథ పుట్టేది విశ్రాంతి వేళలోనే. అయితే ప్రశ్నా జవాబూ ఇద్దరి మధ్యే నడుస్తాయి. స్థానికుడు, దారిలో కలిసిన కొత్తవాడు ఆ సంభాషణలో కథావస్తువులే తప్ప భాగస్వాములు కారు.

తొలి నమూనాలో వాస్తవం ఉంది, రెండవదానిలో సంభాషణ ఉంది. ఈ రెండూ ఒకచోట కలిసిన రాత్రి కోసం మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టరు పార్వతీశం' (తొలి భాగం 1924) వైపు చూడవచ్చు. మొగల్తూరు నుంచి ఒంటరిగా బయలుదేరిన పార్వతీశం అడుగడుగునా కొత్తవారి సాయంమీద బతుకుతాడు. కానీ హాస్యం అవసరం వల్ల ఆ సాయం ఎక్కువగా అతని అజ్ఞానాన్ని బయటపెట్టే సన్నివేశంగానే మిగులుతుంది.

3. సత్రం, హాస్టలు

బ్యాక్‌ప్యాకర్ల బసకు మూలమైన యూత్ హాస్టల్ వ్యవస్థ జర్మనీలోనే పుట్టింది. రిచర్డ్ షిర్మాన్ అనే ఉపాధ్యాయుడు 1909లో విద్యార్థులను కాలినడకన తీసుకువెళ్తుండగా తుఫాను వచ్చింది. వారు ఒక పాఠశాల గదిలో తలదాచుకున్నారు. ఆ రాత్రి కలిగిన ఆలోచనే 1912లో ఆల్టెనా కోటలో తొలి శాశ్వత హాస్టలుగా రూపుదాల్చింది. సత్రానికీ దీనికీ పోలిక స్పష్టం: రెండూ దారిన పోయేవాడి కోసం ఏర్పడ్డవే. తేడా పంక్తిలో ఉంది. మన సత్రాల్లో పెక్కింట ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరి వంట ఎవరు తినాలో కులం నిర్ణయించింది. హాస్టలులో వంటగది ఒకటే. ఎవరి గిన్నె వారు కడిగి పెట్టాలి. అయితే వీసా, డబ్బు, భాష దొరకనివారు ఆ వంటగది దాకా రాలేరు. కాబట్టి హాస్టలును సమానత్వానికి పర్యాయంగా భావించనక్కరలేదు. వేరే గడప దాటినవారికి మాత్రమే అక్కడ పంక్తి ఒకటి.

జర్మన్ నగరం తెలుగుకు బొత్తిగా కొత్తది కూడా కాదు. లైప్‌జిగ్‌కు పొరుగున ఉన్న హాలెలోనే 1746-47లో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. ఆయన మొదట తెలుగులో రాసిన చెన్నపట్నపు ముప్ఫై సంభాషణలు 1750లో అక్కడే ఆంగ్లంలో వెలువడ్డాయి. తెలుగు, జర్మన్ లోకాల తొలి పరిచయాల్లో ఒకటి సంభాషణ రూపంలోనే జరిగిందన్న మాట.

4. ఒక రాత్రి, రెండు కథనాలు

మనుబోలు నెల్లూరుకూ గూడూరుకూ మధ్య రహదారి మీద, రైలుదారి మీద ఉన్న ఊరు. ఈ వ్యాసకర్త స్వగ్రామం కూడా అదే. జర్మనీలో చదువుతున్న ఒక యువకుడు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తన లైప్‌జిగ్ రాత్రిని రెండుసార్లు చెప్పగా విన్నాను. మొదటిసారి ఇంటి పంచలో పెద్దల ముందు, రెండవసారి రైల్వే స్టేషన్ దగ్గర స్నేహితుల మధ్య. అతని అనుమతితో, పేరు లేకుండా, ఆ కథనాలను ఇక్కడ వాడుతున్నాను.

రెండింటిలోనూ ఉన్న కథ ఇది. హాస్టలు వంటగదిలో ఉప్పు అడిగి పుచ్చుకోవడంతో పరిచయం మొదలైంది. చిలీ దేశపు యువతి, పోర్చుగల్ యువకుడు, పోలెండ్ నుంచి సైకిలు మీద వచ్చినవాడు, మరో జర్మన్ నగరం నుంచి వచ్చిన విద్యార్థిని. అన్నం తిన్నాక ఐదుగురూ ట్రామెక్కి కార్ల్ లీబ్‌క్నెష్ట్ వీధికి వెళ్ళారు. రాత్రిపూట సందడిగా ఉండే వీధి అది. ఒక చిన్న హోటల్లో కూర్చున్నారు. తిరిగి వచ్చే ట్రామ్ తప్పిపోవడంతో నడిచి వచ్చారు. తెల్లవారి ఎవరి దారిన వారు వెళ్ళారు.

పెద్దల ముందు చెప్పినప్పుడు ఈ కథ ఐదు నిమిషాల్లో ముగిసింది. అందులో బీరు లేదు. యువతులు లేరు, 'వాళ్ళు' ఉన్నారు. తెలుగు బహువచన సర్వనామం స్త్రీపురుష భేదం చూపదు కనుక అబద్ధమాడకుండానే ఆ వివరం దాటిపోయింది. కథ మధ్యలో అవ్వ అడిగిన ప్రశ్న ఒక్కటే: "వాళ్ళల్లో మనోళ్ళు ఎవురన్నా ఉండారా నాయనా?" "లేరవ్వా, నేనొక్కణ్ణే" అని జవాబు. ఆ తర్వాత కథనంలో క్రియలన్నీ ఏకవచనంలోకి మారాయి: నడిచాను, చూశాను, వచ్చేశాను. అంతకు ముందున్న 'పోయాం', 'తిన్నాం' మళ్ళీ రాలేదు.

స్నేహితుల ముందు ఇదే కథ గంటసేపు నడిచింది. ఇందులో కీలకం బిల్లు ఘట్టం. జర్మన్ హోటళ్ళలో బిల్లు తెచ్చేవారు కలిపి ఇస్తారా, విడివిడిగానా అని అడగడం మామూలు. ఆ ప్రశ్నకు తాను బిత్తరపోయానని యువకుడు చెప్పాడు. మనుబోలులో నలుగురు టీ తాగితే ఒకరు ఇస్తారు. విడివిడిగా ఇవ్వడం తగవుకు గుర్తు. అందరిదీ ఇచ్చే శక్తి అతనికి లేదు. ఆ క్షణంలో సైకిలు యాత్రికుడు కలిపే ఇస్తామన్నాడు. ఆ మాటను యువకుడు ఇలా అనువదించాడు: "'ఇప్పుడు నేనిస్తా, మనం పొద్దున లెక్క చూసుకుందాం' అన్నాడు రా." పొద్దున లెక్క చూస్తే ఇతనికి రెండు యూరోలు తక్కువయ్యాయి. చిలీ యువతి వదిలెయ్యమంది. "ఇంకా ఆ రెండు యూరోలు బాకీనే" అన్నది రెండవ కథనంలో చివరి వాక్యం. మొదటి కథనంలో ఆ బాకీ లేదు. అక్కడ అతడు తన డబ్బు తాను ఇచ్చేశాడు.

5. సర్వనామ విశ్లేషణ

వినేవారిని కలుపుకునే 'మనం', కలుపుకోని 'మేము' అన్న భేదం ద్రావిడ భాషల ప్రాచీన లక్షణం. తెలుగు, తమిళం దాన్ని నిలుపుకున్నాయి. నేటి కన్నడం పాటించదు. ఆంగ్లంలో గాని జర్మన్‌లో గాని ఈ భేదం లేదు. ఆ రాత్రి ఐదుగురూ మాట్లాడుకున్నది ఆంగ్లం. కాబట్టి సైకిలు యాత్రికుడి నోట 'మనం' పలికించింది యువకుడే. రెండవ కథనం అంతటా అతడు తన మాటగా చెప్పినప్పుడు 'మేం ఐదుగురం' అన్నాడు. కొత్త స్నేహితుల మాటగా చెప్పినప్పుడు మాత్రమే 'మనం' వాడాడు. ట్రామ్ పోయాక జర్మన్ విద్యార్థిని అన్న మాట కూడా అలాగే వచ్చింది: "'నడిచే పోదాం పా' అనింది." తానుగా వారిని కలుపుకోవడం కన్నా, వారు తనను కలుపుకున్నారన్నదే అతనికి ముఖ్యం. అతడు దాచుకున్న అనుభవసారం అదే.

దీనికి ఎదురుగా అవ్వ ప్రశ్నలోని 'మనోళ్ళు' ఉంది. కొత్తవాణ్ణి మర్యాదగా 'మనదే ఊరు?' అని అడగడం తెలుగువారి అలవాటు. ఎదుటివాడి ఊరిని కూడా 'మన'లో చేర్చుకునే ఆ సంస్కారం చక్కనిదే. కానీ తర్వాతి ప్రశ్నల్లో 'మనవాళ్ళేనా' అన్నది వచ్చేసరికి అదే సర్వనామం కులవాచకం అవుతుంది. హాస్టలులోనూ తొలి ప్రశ్న 'ఏ దేశం' అన్నదే. యువకుడు మొదట ఇండియా అని, తర్వాత ఊరి పేరు చెప్పాడు. ఆ పేరు పలకడానికి నలుగురూ ప్రయత్నించారు. దేశాల గురించి అరిగిపోయిన హాస్యాలు అక్కడా ఉన్నాయి. అయితే ఊరి పేరు తర్వాత రావలసిన ప్రశ్న మాత్రం రాలేదు. రాకపోవడం తనకు తేలికగానూ, కొంచెం వెలితిగానూ అనిపించిందని అతడన్నాడు. ఆ వెలితిని తోసిపుచ్చకూడదు. ఎవరింటివాడో తెలియనివాడికి అక్కడ అవమానం లేదు, ఆసరా కూడా లేదు.

ఈ పరిశీలన లిఖిత యాత్రారచనకూ వర్తిస్తుంది. విదేశయాత్రా గ్రంథాల్లో తరచు కనిపించే 'మన దగ్గరైతే', 'మనవాళ్ళు మాత్రం' వంటి పోలికల్లో 'మన' పాఠకుడితో చేసుకున్న ఒప్పందం. రచయిత ఆ ఒప్పందానికి కట్టుబడినంతసేపూ అక్కడి మనుషులు 'వాళ్ళు'గానే ఉంటారు. పంచలో యువకుడు చేసింది, పుస్తకంలో రచయిత చేసేది ఒకటే: శ్రోతల 'మనం' నిలవడానికి ఆ రాత్రి 'మనం'ను వదులుకోవడం. దానితోపాటు బాకీ కూడా చెరిగిపోతుంది. 'వాళ్ళ'కు మనం బాకీ పడం. బాకీ పడేది కలుపుకున్నవారికే.

6. పరిమితులు, ముగింపు

ఒక వ్యక్తి చెప్పిన రెండు కథనాల ఆధారంగా సార్వత్రిక సూత్రం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఇదే రాత్రిని గడిపిన మనుబోలు యువతి దాన్ని ఇంటి పంచలో ఆ కుదించిన రూపంలోనైనా చెప్పగలిగేదా అన్నది విడిగా పరిశోధించవలసిన విషయం. 1873లో ఇంగ్లండు యాత్ర చేసిన పోతం జానకమ్మ నుంచి నేటి ఒంటరి యాత్రికురాళ్ళ వరకు ఆ దృష్టితో చదవవలసిన సామగ్రి ఉంది.

ఇక్కడ ప్రతిపాదిస్తున్నది ఒక పఠన పద్ధతి. యాత్రారచనను అంచనా వేసేటప్పుడు ఎన్ని దేశాలు, ఎన్ని ప్రదేశాలు అన్న లెక్కతోపాటు, రచయిత ఎవరిని 'మనం'లో చేర్చాడు, ఏ పుటలో చేర్చాడు, పాఠకుడి ముందు ఆ చేర్పును నిలుపుకున్నాడా అన్నది చూడాలి. ఎవరు బస ఇచ్చారో, ఎవరు డబ్బు ఇచ్చారో రాయడానికి వీరాస్వామయ్య నిశితదృష్టి ఆదర్శం. రాత్రివేళ ప్రశ్నకు కథ పుట్టించడానికి కాశీమజిలీల కూర్పు ఆదర్శం. ఈ రెండింటికీ తోడుగా ఇవ్వవలసి ఉన్న రెండు యూరోలను కూడా రాయగల రచయిత వచ్చినప్పుడు, ఆ రాత్రిని మనుబోలు పంచలోనూ పూర్తిగా చెప్పడం సాధ్యమవుతుంది.