కథకుడి నోట మాండలికం: అర్గేదాస్, నామిని రచనల తులనాత్మక పరిశీలన

మాండలిక రచనను తెలుగు విమర్శ చాలాకాలం ‘స్థానిక వర్ణం’గా, పాత్రోచిత సంభాషణకు సంబంధించిన నేర్పుగా పరిగణించింది. ఈ దృష్టి చిత్తూరు ప్రాంత కథనానికి ఎంతవరకు సరిపోతుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఇందుకు పెరూ రచయిత హోసే మరియా అర్గేదాస్ అనుభవం ఒక కొలమానంగా ఉపకరిస్తుంది.

పెరూలో స్పానిష్ పాలనకు, చదువుకు, అచ్చుకు భాష. ఆండీస్ పర్వతవాసుల ఇంటిభాష కెచువాకు అక్కడ అధికార ప్రతిపత్తి 1975లో గాని దక్కలేదు. ‘యవార్ ఫియస్టా’ (1941) నవలలో అర్గేదాస్ ఆదివాసీ పాత్రల స్పానిష్ మాటలను కెచువా వాక్యక్రమంలో కూర్చాడు. ‘లోతైన నదులు’ (1958) నాటికి ఆ పద్ధతి ఆయనకు చాలలేదు. పాత్రల యాసకన్నా కథకుడైన బాలుడు ఎర్నెస్తో చూపునే కెచువా భావనలతో నింపాడు. అయినా ఒక అధ్యాయం ఆరంభంలో ‘సుంబాయ్యు’ అనే బొంగరం పేరులోని ధ్వనిని కథకుడు పాఠకుడికి వివరించవలసి వచ్చింది. అంటే కథకుడు దుబాసీ కూడా.

చిత్తూరు నేపథ్యం వేరు. 1911లో ఏర్పడిన ఈ జిల్లా నుంచి 1960లో తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి చేరింది. గీత మారినా ఇరువైపులా తెలుగు, తమిళాల సహజీవనం ఆగలేదు. ఈ నేలకు చెందిన మధురాంతకం రాజారాం కథలలో కథనం ప్రధానంగా శిష్టవ్యావహారికం; స్థానికత సంభాషణలో పలుకుతుంది. 1993లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ కథనరీతి కథకుడికీ పాత్రకూ మధ్య ఒక గౌరవప్రదమైన దూరాన్ని నిలుపుతుంది.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ఆ దూరాన్ని చెరిపివేశారు. ‘సినబ్బ కతలు’, ‘మిట్టూరోడి కతలు’ అనే పేర్లే ఇందుకు సాక్ష్యం. ‘చిన’ ‘సిన’ కావడం, ‘కథ’లోని మహాప్రాణం పోవడం, ‘వాడు’ ‘ఓడు’గా కుదించుకోవడం ఇక్కడ పాత్రల ఉచ్చారణకు పరిమితం కాలేదు, పుస్తకం అట్టమీదికే వచ్చాయి. ‘మునికన్నడి సేద్యం’లోని పేరు తమిళ ‘కణ్ణన్’ను తలపిస్తూనే తెలుగు విభక్తిని ధరించింది. ‘పచ్చనాకు సాక్షిగా’లో బాల్యాన్ని చెప్పే గొంతు మిట్టూరు మాటను విడిచి బయటకు రాదు. అర్గేదాస్ కథకుడిలా ఆగి అర్థం చెప్పే అవసరం ఈ కథకుడికి లేదు. తెలియని పదం దగ్గర అడుగు ముందుకు వేయవలసినవాడు పాఠకుడే.

అయితే ఈ పోలికకు హద్దు ఉంది. కెచువా, స్పానిష్‌లు భిన్న కుటుంబాల భాషలు. మిట్టూరు మాట తెలుగులోని ఒక రూపం. నామినికి అచ్చులో అందిన చోటు అదే ప్రాంతంలోని ఎరుకల భాషకు అందలేదు. తమిళానికి సన్నిహితమైన ఆ భాషకు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో స్థానం లేదు. కాబట్టి ఒక రైతుకుటుంబపు మాండలికాన్ని ‘చిత్తూరు భాష’గా సాధారణీకరిస్తే, ప్రమాణభాష మాండలికానికి చేసిన అన్యాయాన్నే మాండలికం పొరుగు భాషలకు చేసినట్లవుతుంది.

మాండలిక సాహిత్య పరిశోధన పదపట్టికల దగ్గర ఆగకూడదు. కథ చెప్పే అధికారం ఏ భాషకు దక్కింది, ఏ భాష పాత్రగానే మిగిలింది, ఏది అసలు వినబడలేదు అనే మూడు ప్రశ్నలు అందులో భాగం కావాలి. నామిని కృషి మొదటి ప్రశ్నకు దృఢమైన సమాధానం. మూడవదానికి ఇంకా సమాధానం రావలసి ఉంది.