లేడీస్ లైన్‌లో చిన్నమ్మ

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇప్పుడు ఎవరిని అడ్రస్ అడిగినా మెట్రో పిల్లర్ నంబర్ చెబుతున్నారు. 2018 సెప్టెంబర్‌లో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నడిచాక వచ్చిన అలవాటిది. అంతకుముందు ఈ రోడ్డు మీద గుర్తులన్నీ సినిమా హాళ్లే. కోణార్క్ వెనక గల్లీ, వెంకటాద్రి ఎదురుగా, రాజధాని దగ్గర దిగు, ఎల్బీనగర్ విజయలక్ష్మి పక్కన, ఇంకా ముందుకు పోతే వనస్థలిపురం సుష్మ. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బాంబులు పేలినప్పుడు టీవీల్లో రాత్రంతా వినిపించిన పేర్లు కూడా కోణార్క్, వెంకటాద్రిలే. చాలా ఊళ్లవాళ్లకు ఆ పేర్లు తెలిసింది అప్పుడే. మాకు మాత్రం అవి దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవుల పేర్లు.

సెలవులంటే నల్గొండ వైపు నుంచి చుట్టాలు దిగాల్సిందే. ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు దిగి, సకినాల డబ్బాలు, సంచులు, పిల్లలతో మా రెండు గదుల ఇంటికి వచ్చేవారు. పొద్దున్నుంచి పిల్లల లొల్లి భరించి భరించి, అన్నాలు తిన్నాక పెద్దవాళ్లు తీసే అస్త్రం మ్యాట్నీ. "సినిమాకు పోదాం పాండ్రి" అనేవారు తప్ప ఏ సినిమాకో ఎవరూ చెప్పేవారు కాదు. చెప్పడానికి వాళ్లకూ తెలియదు. టికెట్లు ఎక్కడ దొరికితే అదే మా సినిమా. కోణార్క్‌లో హౌస్‌ఫుల్ బోర్డు వేలాడుతుంటే వెంకటాద్రికి, అక్కడా లేకపోతే మేఘకో గంగకో నడిచిపోయేవాళ్లం. ఒక్క రోడ్డు మీద అన్ని హాళ్లుండటం మా అదృష్టం. హీరోల అభిమానులైన మా అన్నలకు ఈ పద్ధతి అస్సలు నచ్చేది కాదు. నేను మాత్రం ఏ ప్రచారమూ వినకుండా, ఏ అంచనా లేకుండా ఎన్నో సినిమాలు చూడగలిగింది ఈ పద్ధతి వల్లే.

ఆ టికెట్లు తీయడం ఒక విద్య. మా ఇంట్లో ఆ విద్య చిన్నమ్మది. మగవాళ్ల లైన్ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చినా, లేడీస్ లైన్‌లో పదిమంది కన్నా ఎక్కువ ఉండేవారు కాదు. అందుకే చిన్నాయన పర్సు తీసి చిన్నమ్మ చేతికిచ్చి, తను పల్లీలు కొనడానికి పోయేవాడు. రెండు వైపులా ఇనుప గొట్టాలు, పైన కూడా ఊచలు, మధ్యలో ఒక మనిషి పట్టేంత దారి. అరచేతులు రాసీ రాసీ ఆ గొట్టాలు నున్నగా మెరిసేవి. చివర గోడలో పిడికిలి పట్టేంత కంత. అందులోంచి లోపలి మనిషి మొహం కనిపించదు, గొంతే వినిపిస్తుంది. చిన్నమ్మ గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని, నోట్లు మడిచి పిడికిట్లో పట్టి చెయ్యి లోపల పెట్టేది. మనిషికి నాలుగే ఇస్తామంటే, వెనక నిలబెట్టిన మా అక్కను చూపించి ఇంకో నాలుగు రాబట్టేది. టికెట్, చిల్లర రెండూ అందేదాకా చెయ్యి బయటికి తీయకూడదన్నది ఆమె సూత్రం.

ఈలోగా ఊచల అవతల నుంచి కాలేజీ పిల్లల బతిమాలుడు. "అక్కా, జర మాకు గూడ రెండు తియ్యరాదే!" పుస్తకాలు చేతిలో ఉన్నవాళ్ల దగ్గర డబ్బులు తీసుకునేది. బ్లాకులో అమ్ముకునేవాళ్లను కళ్లు చూసి పోల్చేది. "నీకు తీస్తే నువ్వు మల్ల నాకే అమ్ముతవ్, పో" అనేది.

2003 సంక్రాంతికి 'ఒక్కడు' అలాగే దొరికింది. జనవరి 15న విడుదల, మేం వెళ్లింది సెలవుల ఆఖర్లో. సీట్లు ఒక్కచోట రాలేదు. సగంమంది ముందు, సగంమంది గోడవారగా. ముందురోజే పిల్లల్ని చార్మినార్ చూపించుకొచ్చిన చిన్నాయన, తెర మీద చార్మినార్ కనపడగానే "నిన్న మనం నిలబడ్డది అక్కడే" అని వేలుపెట్టి చూపించాడు. అది సినిమా కోసం వేసిన సెట్టని పేపర్లో చదివి చెప్పినా చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. సినిమాలో హీరోలాగే, మిగిలిన కాస్త సెలవుల్లో మేమూ గల్లీలో కబడ్డీయే.

ఎండాకాలం ఫస్ట్ షో చూసి కొత్తపేట మీదుగా నడుచుకుంటూ వస్తుంటే పండ్ల మార్కెట్ దగ్గర మామిడిపండ్ల వాసన, తడిసిన గడ్డి వాసన కలిసి కొట్టేవి. ఆ మార్కెట్ బాటసింగారం పోయింది. ఆ స్థలాన్ని ఆస్పత్రికి కేటాయించారు. సెకండ్ షో అయితే పిల్లలు ఇంటర్వెల్‌కే నిద్రపోయేవారు, భుజాన వేసుకుని మోసుకు రావాల్సిందే. పదహారేళ్లలోపు పిల్లల్ని రాత్రి 11 దాటాక హాళ్లలోకి రానీయొద్దని 2025 జనవరిలో హైకోర్టు చెప్పి, తర్వాత సడలించినప్పుడు నాకా భుజాలే గుర్తొచ్చాయి. కోర్టు మాటలో న్యాయముంది. మాకెలాగూ మ్యాట్నీయే పండగ.

ఇప్పుడు ఫోన్‌లో సీటు ఎంచుకుని, పైన ఫీజు కట్టి వెళ్తున్నాం. తోపులాట లేదు, మంచిదే. కానీ ముందు ఏ సినిమాయో తేలాలి, ఎంతమందో తేలాలి, ఎనిమిదిమందికి డబ్బు ఒకేసారి కట్టాలి. అన్నీ తేలేలోపు సెలవులు అయిపోతున్నాయి. 2024లో సరిగ్గా ఎండాకాలం సెలవుల మధ్య, మే 17 నుంచి పది రోజులపాటు సింగిల్ స్క్రీన్లు మూసేద్దామని తెలంగాణ థియేటర్ల యాజమాన్యాలు నిర్ణయించాయి. ఎన్నికలు, ఐపీఎల్, పెద్ద సినిమాలు లేకపోవడం, జనం రాకపోవడం కారణాలన్నారు. పిల్లలందరూ ఇళ్లలో ఖాళీగా ఉన్న నెలలో హాళ్లకు తాళాలు! మా చిన్నప్పుడు ఈ మాట ఎవరన్నా చెబితే నవ్వేవాళ్లం.

టికెట్ ధరల మీద 2021 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవోలో ఏసీ సింగిల్ స్క్రీన్‌కు గరిష్ఠం 150 రూపాయలు, కనిష్ఠం 50 అని ఉంది, జీఎస్టీ కాక. గరిష్ఠం సంగతి అందరికీ తెలుసు, పెద్ద సినిమా వస్తే అదీ పెరుగుతుంది. కనిష్ఠం గురించి మాట్లాడేవాళ్లే లేరు. హాళ్ల యజమానులకు నా విన్నపమొకటే. బడులకు సెలవులిచ్చిన రోజుల్లో మ్యాట్నీకి సగం సీట్లయినా ఆ యాభైకే, యాప్‌లో పెట్టకుండా కౌంటర్లో అమ్మి చూడండి. ఖాళీ కుర్చీలకు ఏసీ వేయడం కన్నా ఎక్కువ నష్టమేమీ రాదు.