ప్రవాసవర్ణనము: బారిష్టరు పార్వతీశము

ఆలంకారికులు విప్రలంభశృంగారమును విభజించునప్పుడు ప్రవాసమును దాని భేదములలో నొకటిగాఁ జెప్పిరి. సాహిత్యదర్పణకారుఁడు కార్యము, శాపము, సంభ్రమము అని దానికి మూఁడు హేతువులను నిర్దేశించెను. నాయికాభేదములలోఁ బ్రోషితభర్తృక యీ సందర్భమునకుఁ జెందినదే. అయినను నీ లక్షణములన్నిటియందును దృష్టి యింటివైపుననే నిలిచినది. పోయినవాని వియోగము, నిలిచినదాని విరహము, ఈ రెండే వర్ణ్యములు. పోయినవానికిని వాఁడు చేరిన దేశమునకును గల సంబంధ మెట్టిదన్న ప్రశ్న యందు లేదు. మేఘసందేశమునందలి యక్షుఁడు రామగిరిపై నెనిమిది మాసములు గడపి, తక్కిన నాలుగు మాసములను లెక్కించుచున్నాఁడు. వాని మనస్సంతయు నలకాపురముననే యున్నది. ఆ కొండకు వాఁడెట్లలవాటుపడెనో కాళిదాసు చెప్పలేదు; ఆ కావ్యమున కది యవసరమును గాదు.

ఆధునికాంధ్రవాఙ్మయమున కది యవసరమైనది. పోతము జానకమ్మ 1873 లో ఆంగ్లదేశమునకుఁ బోయివచ్చి తాము చూచినదానిని గ్రంథస్థ మొనర్చిరి. దాని యాంగ్లరూపము 1876 లో మదరాసున వెలువడెను. దానిని మన కాలమునఁ గాళిదాసు పురుషోత్తముగారు తెనిఁగించిరి. స్త్రీ యొకతె సముద్రమును దాఁటి తన కన్నులతోఁ జూచినదానిని వ్రాయుట యా కాలమున సామాన్యము గాదు. కాని యది యాత్రాగ్రంథము. యాత్రికునకుఁ దిరుగుప్రయాణపు దినము తెలియును. కనుక వానికిఁ బరదేశము చూడఁదగిన వస్తువు. నివాసి కట్లు గాదు. వాని కది వండుకొని తినవలసిన చోటు, అద్దె కట్టవలసిన యిల్లు, తన మాట యెదుటివానికి బోధపడనప్పుడు మరల పలుకవలసిన వీథి. ఈ భేదమును పాటింపక రెండు విధముల రచనలను నొకే గాటఁ గట్టుట న్యాయము గాదు.

నివాసికథకు సమీపించిన తెలుఁగు గ్రంథములలో మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశము’ ముఖ్యమైనది. దీని ప్రథమభాగము 1924 లో వెలువడెను. తక్కిన రెండు భాగములు నలువదియేండ్లు గడచినపిమ్మట వచ్చినవి. రచయిత తానును ఎడింబరోలోఁ జదివినవారు. మొగల్తూరి యువకుఁడు బారిష్టరు పరీక్షకై సీమకుఁ బయనమై, మదరాసులో స్త్రీలు ధరించు టోపీని దనకై కొనుటయు, ఓడలో భోజనపుబల్లయొద్దఁ గత్తితోడను ముల్లుతోడను బడిన పాట్లును జదువరు లెఱిఁగినవే. ఈ సన్నివేశములనే ముందుంచుకొని, గ్రంథమంతయుఁ బల్లెటూరివానిని వెక్కిరించుటకై పుట్టినదని కొంద ఱందురు. ఈ యభిప్రాయము నిలువదు.

ఏలయన, ఈ కథను జెప్పుచున్నవాఁడు పార్వతీశమే. గ్రంథము ఉత్తమపురుషలో నడచినది. టోపీ కొన్ననాఁడు జనులేల నవ్విరో యతనికిఁ దెలియదు. కథ చెప్పునాఁటికిఁ దెలియును. తెలియనిచో నంత చక్కఁగా నవ్వింపనేరఁడు. కావున నిందు పార్వతీశము లిరువురు: చిక్కులలోఁ బడిన పార్వతీశ మొకఁడు, ఆ చిక్కులను దాఁటివచ్చి తన్నుఁ దాను చూచి నవ్వఁగల పార్వతీశ మింకొకఁడు. మొదటివాఁడు రెండవవాఁడుగా మాఱుటయే పరదేశమున నలవాటుపడుట. ఆ మార్పునకుఁ బట్టిన మాసముల వేదనను రచయిత సన్నివేశములలోఁ గంటె నధికముగాఁ గంఠస్వరములో నిమిడ్చిరి. వెక్కిరించువాఁడు పైనుండి చూచును. పార్వతీశము తన పూర్వరూపమును స్నేహముతోఁ జూచుచున్నాఁడు. హాస్యమున కీ గ్రంథమునఁ గలిగిన గౌరవ మిదియే.

దీని కొఱఁతయు నిచ్చటనే యున్నది. దాఁటివచ్చినవాఁడు గాని నవ్వలేఁడు. దాఁటుచున్నవాని గొంతు నవ్వులోఁ బట్టదు. 1860 మొదలు నేటాలునకును, 1903 మొదలు ఫిజీకిని ఒప్పందపుఁ గూలీలుగా మదరాసు రాజధానినుండి పోయినవారిలోఁ దెలుఁగువా రనేకులు. బర్మాకుఁ బోయిన తెలుఁగువారికిఁ గోరంగి రేవు పేరే జాతినామమైనది. ఒక యూరి రేవు పేరు, ఆ యూరు చూడనివానికిఁ గూడ నంటుకొనెను. తన పేరు తన చేతిలో లేకపోవుట ప్రవాసి నేర్చుకొను మొదటి పాఠము. వారిలోఁ బార్వతీశమువలె మరలివచ్చి తన కథను గ్రంథముగాఁ జెప్పుకొనుటకు వలయు చదువును దీఱికయును గలవా రరుదు. నవ్వును విడిచి వారి తొలిమాసములను జెప్పు మార్గము మన వచనమున నేర్పడకపోవుటకు నిది యొక హేతువు. హ్యూస్టనునఁ గాఁపురమున్న వంగూరి చిట్టెన్ రాజుగారు తమ కథలకు ‘అమెరికామెడీ కథలు’ అని పేరిడుట చూడఁగా, పార్వతీశము త్రొక్కిన బాటకు నేఁటికిని గల బలము తెలియుచున్నది.

ఇప్పు డా బాట యెంతవఱకుఁ బోవునో పరీక్షించుటకు హైదరాబాదునకుఁ బడమటనున్న నార్సింగి తగిన చోటు. దాని చేరువ నానక్‌రాంగూడలో 2023 నుండి అమెరికా కాన్సులేటు క్రొత్త భవనమునఁ బనిచేయుచున్నది. అంతకుఁ బడమట చిలుకూరు బాలాజీ యాలయమున వీసా కోరువారు 11 ప్రదక్షిణములును, కోరిక యీడేఱినవారు 108 ప్రదక్షిణములును జేయుదురు. ఇచ్చటి యువకుఁడు బయలుదేఱకమున్నే యద్దాల మేడలోఁ బనిచేసినవాఁడు, పిజ్జా తిన్నవాఁడు, అమెరికాలోని యధికారితో రాత్రివేళ మాటాడినవాఁడు. వానికి టోపీ చిక్కును లేదు, ముల్లు చిక్కును లేదు. ఆ హాస్యమునే మరల వ్రాసినచో నది యెంగిలి యగును.

అంతమాత్రమునఁ జిక్కు తీఱినదని తలఁపరాదు. అది వస్తువులనుండి సంబోధనమునకు మాఱినది. తెలుఁగువాని యింటిపేరు ముందుండును. అచ్చట నది వెనుకకుఁ బోవును, లేదా యదియే పేరై పిలువఁబడును. నార్సింగిలోఁ బ్రక్కయింటి పెద్దను బాబాయి యని పిలిచినవాఁ డచ్చటఁ దండ్రియీడువానిని బట్టిపేరుతోఁ బిలువవలెను; నాలుక తడఁబడును. ఆగస్టులోఁ జదువునకై న్యూయార్కు చేరినవానికిని నింటికిని గాలభేదము తొమ్మిదిన్నర గంటలు. నవంబరు మొదటి యాదివారమున నచ్చటి గడియారములను వెనుకకుఁ ద్రిప్పఁగా నది పదిన్నర యగును. నార్సింగిలోని తల్లి కుమారునితో మాటాడు వేళను దానును మార్చుకొనవలెను. ప్రోషితభర్తృక నిలిచిన చోటఁ దల్లి నిలిచినది. కాని యామె విరహము ననుభవించుటతోఁ దీఱదు, ఆమెయు నొక క్రొత్త కాలమున కలవాటుపడవలెను.

కావునఁ బ్రవాసరచనను దూఁచునప్పుడు పరదేశమెంత వింతగా వర్ణింపఁబడెననియుఁ, బోయినవాఁ డెంతగా నవ్వించెననియు నడిగిన చాలదు. తెలియని పార్వతీశమునకును దెలిసిన పార్వతీశమునకును నడుమనున్న మాసములు కథలోనికి వచ్చెనా యని యడుగవలెను. నరసింహశాస్త్రిగారు వానిని స్వరములో నుంచి విడిచిరి. 1924 లో నదియే గొప్ప సాహసము. వానిని సన్నివేశములుగాఁ జూపుట తరువాతివారి పని. మాట తడఁబడిన దినముననే, నవ్వు రాకమున్నే, వ్రాయఁబూనినవానికి మాత్ర మది సాధ్యమగును.