పుస్తకం మూశాకే మొదలు

సీఏ చదువుతున్న పిల్లలున్న ఇంట్లో మొదట వినిపించేది గంటల లెక్క. మావాడు రోజుకు పన్నెండు గంటలు కూర్చుంటున్నాడంటే బందరులోనైనా గుడివాడలోనైనా ఇంటిల్లిపాదికీ ధైర్యం. అది ఎనిమిదికి తగ్గితే బెంగ. ఆ గంటల్లో ఏం చేస్తున్నాడని మాత్రం ఎవరూ అడగరు. వీడియో క్లాసు వినడం, మాడ్యూల్ చదవడం, రంగు పెన్నుతో గీతలు గీయడం, పరీక్ష దగ్గరపడితే ఆ గీతల మేరకు మళ్లీ చదవడం. చాలామందికి రోజు ఇలాగే గడుస్తుంది. పరీక్ష తప్పడానికి బద్ధకం కన్నా ఈ పద్ధతే పెద్ద కారణమని నేను నమ్ముతున్నాను. చదువుకు కేటాయించిన సమయంలో కనీసం సగం పుస్తకం మూసేసి, గడియారం ఎదురుగా పెట్టుకుని, తెల్లకాగితం మీద రాయడానికే పోవాలి.

దీనికి ఆధారం ఉంది. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల చేత ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. ఇంకో పాఠాన్ని ఒకసారి చదివించి, కాగితం తీసేసుకుని, గుర్తున్నదంతా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివిందే బాగా గుర్తుంది. వారం తర్వాత అడిగితే తారుమారైంది. రెండుసార్లు చదివిన పాఠంలో 42 శాతం మిగిలింది, చదివి రాసిన పాఠంలో 56 శాతం మిగిలింది. ఇందులో మనం ఎక్కువగా ఆలోచించాల్సింది ఆ ఐదు నిమిషాల ఫలితం గురించి. మళ్లీ చదవగానే కలిగే ‘వచ్చేసింది’ అన్న ధీమా ఆ క్షణానికి నిజమే, అందుకే దాన్ని నమ్మేస్తాం. పరీక్ష మాత్రం వారం తర్వాతో నెల తర్వాతో వస్తుంది.

సీఏ పరీక్షలో ఈ తేడా ఇంకా ఎక్కువగా దెబ్బ తీస్తుంది. ఇంటర్మీడియట్, ఫైనల్ పేపర్లలో చాలావాటిలో వంద మార్కులకు ముప్పై బహుళైచ్ఛిక ప్రశ్నలకు, డెబ్బై రాత జవాబులకు. ప్రతి పేపర్లో నలభై, గ్రూపు మొత్తం మీద యాభై శాతం రావాలి. కన్సాలిడేషన్ లెక్కను వీడియోలో సారు చేస్తుంటే ప్రతి మెట్టూ సహజంగానే కనిపిస్తుంది. తర్వాత ఏం చేయాలో మనం నిర్ణయించడం లేదు కదా, ఆయనే నిర్ణయిస్తున్నారు. హాల్లో మూడు గంటల్లో ఆ నిర్ణయాలన్నీ విద్యార్థివే: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వర్కింగ్ నోట్ ముందు వేయాలి, దేన్ని వదిలేయాలి. సీఏ ఇన్‌స్టిట్యూట్ విడుదల చేసే సజెస్టెడ్ ఆన్సర్లను నవలలా చదివేవాళ్లు చాలామంది. ప్రశ్నకు తామే జవాబు రాసి, ఆ తర్వాత పక్కన పెట్టి పోల్చుకోవడానికి అంతకన్నా మంచి సరుకు లేదు, పైగా డబ్బు కట్టక్కర్లేదు.

లెక్కల వరస కూడా ముఖ్యమే. రోరర్, టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో ఘనపరిమాణం లెక్కలను కొందరు ఒక రకం పూర్తయ్యాక ఇంకో రకంగా వరసగా చేశారు, కొందరు అన్ని రకాలూ కలిపి చేశారు. అభ్యాసం జరుగుతున్నంతసేపూ వరసగా చేసినవాళ్లకు 89 శాతం ఒప్పు, కలిపి చేసినవాళ్లకు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్లకు 20 శాతం, రెండోవాళ్లకు 63 శాతం. ప్రాసెస్ కాస్టింగ్ అధ్యాయం చివర ఉన్న లెక్క ప్రాసెస్ కాస్టింగే అని ముందే తెలుసు. ప్రశ్నపత్రంలో ఆ సంగతి మనమే కనిపెట్టాలి. నాలుగు అధ్యాయాల లెక్కలు కలిపి చేస్తే తప్పులు ఎక్కువొస్తాయి, మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ కష్టాన్ని చూసి వెనక్కి తగ్గకూడదు.

ముందు అర్థం కావాలి కదా, అర్థం కానిది రాసి ఏం లాభం అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. అర్థం లేని బట్టీని నేనూ సమర్థించను. కానీ అర్థమైందో లేదో తేలేది పుస్తకం మూసి చెప్పబోయినప్పుడే. అందుకు కావలసిన ఉదాహరణలు మన చుట్టూనే ఉన్నాయి. గుడివాడ మిల్లులో ఒకే ధాన్యం నుంచి బియ్యం, నూక, తవుడు, ఊక వస్తాయి. ఉమ్మడి ఖర్చును వీటికి ఎలా పంచాలి, దేన్ని ఉప ఉత్పత్తిగా చూడాలి అని కాగితం మీద తేల్చగలిగితే జాయింట్ ప్రొడక్ట్స్ అధ్యాయం వచ్చినట్టే. కోడూరు చెరువులో ప్రాణంతో ఉన్న రొయ్యకు ఇండ్ ఏఎస్ 41 అనే అకౌంటింగ్ ప్రమాణం వర్తిస్తుంది. పట్టుబడి అయ్యాక, ఆ క్షణపు సరసమైన విలువలోంచి అమ్మకపు ఖర్చులు తీసేయగా మిగిలిన మొత్తంతో, సరుకు నిల్వల ప్రమాణమైన ఇండ్ ఏఎస్ 2 కిందికి వెళుతుంది. 1923లో పట్టాభి సీతారామయ్య బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు వెయ్యి షేర్లకు 325 షేర్లు ఇచ్చారు. నాలుగు వేల షేర్లున్నవాళ్లకు ఎన్ని వచ్చాయి, అంకె సరిగ్గా తెగనివాళ్ల సంగతేమిటి అని వేసుకుని చూస్తే షేర్ల మార్పిడి నిష్పత్తి కంఠస్థం చేయక్కర్లేదు.

దివిసీమ నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ల ఇబ్బంది వేరు. ఈ పరీక్ష ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి. ‘అర్థమైంది, రాయలేకపోతున్నా’ అని వాళ్లు అనేది సాకు కాదు. వినడం వల్ల రాత రాదు. రోజుకొక ఆడిట్ జవాబు ఇంగ్లీషులో నాలుగు పొట్టి వాక్యాల్లో రాస్తేనే వస్తుంది. అవనిగడ్డ డీఎస్సీ శిక్షణకు రాష్ట్రమంతా పేరున్న ఊరు కాబట్టి ఈ ప్రాంతంలో బిట్ల మీద గురి ఎక్కువ. ఆ గురి ముప్పై మార్కుల భాగానికి పనికొస్తుంది. మిగతా డెబ్బైకి నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఏరుకోవడం చాలదు, జవాబును కట్టాలి.

సమయం లేదన్నది చివరి అభ్యంతరం. సిలబస్ కొండంత, ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గినా ఆ రెండేళ్లూ ఆఫీసు పనే. గుడివాడ నుంచి బెజవాడకు రోజూ రైల్లో వెళ్లొచ్చేవాళ్లకు పుస్తకం తెరవడమే గగనం. అయితే సమయం తక్కువైనవాళ్లే ఒకే పేజీని నాలుగోసారి చదివే ఖర్చు భరించలేరు. రైల్లో రాయలేకపోవచ్చు గానీ, కళ్లు మూసుకుని ఒక సెక్షన్ షరతులు వరసగా తలచుకుని, ఫోన్లో సరిచూసుకోవచ్చు.

తప్పినవాళ్లకు ఇంకో మాట. పరీక్ష ఇప్పుడు ఏడాదికి మూడుసార్లు జరుగుతోంది, మధ్య వ్యవధి సుమారు నాలుగు నెలలే. ఆ తొందరలో మొదటి అధ్యాయం నుంచి క్లాసులు మళ్లీ వినడం మొదలుపెడతారు. అంతకు ముందు ఇన్‌స్టిట్యూట్‌కు దరఖాస్తు చేసి, తమ జవాబు పత్రం నకలు తెప్పించుకోవాలి. దాన్ని సజెస్టెడ్ ఆన్సర్ల పక్కన పెట్టి, పోయిన ప్రతి మార్కూ తెలియక పోయిందా, తెలిసినా సమయం చాలక పోయిందా, తెలిసింది సరిగ్గా రాయక పోయిందా అని విడదీయాలి. మొదటి రకానికి పుస్తకం కావాలి. మిగతా రెండింటికీ గడియారం, కాగితం చాలు.