ముఖం లేని రాయి

ఫాక్‌లాండ్ రోడ్ దగ్గర మా చాల్‌లో పోచమ్మ తల్లికి ముఖం లేదు. పసుపు పూసిన రాయి, కుంకుమ బొట్టు, అంతే. ముఖం ఎందుకు లేదని చిన్నప్పుడు నాయనమ్మని అడిగితే, "ముఖం లేకుంటే తల్లి లేనట్టా బిడ్డా?" అంది. అమరావతి శిల్పం ఫొటో చూసినప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది.

అమరావతి స్తూపానికి వాడింది పల్నాటి సున్నపురాయి. తెలుపులో లేత ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. 1859లో అక్కడి శిల్పాలు చాలా లండన్ చేరాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న వాటిలో ఒక పలకకు రెండు వైపులా శిల్పం ఉంది. పాత వైపు క్రీ.పూ. 1వ శతాబ్దం నాటిది. బోధి చెట్టు, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ దండం పెట్టే మనుషులు. బుద్ధుడి రూపం లేదు. క్రీ.శ. 3వ శతాబ్దంలో అదే పలకను తిప్పి వెనక స్తూపం బొమ్మ చెక్కారు.

కొత్త వైపు పనితనం ఎక్కువ. అంగుళం కూడా ఖాళీ వదల్లేదు. ఎవరైనా ముందు దాన్నే మెచ్చుకుంటారు. నాకు మాత్రం పాత వైపే నచ్చింది. అక్కడ దేవుడున్నాడని చెప్పేది దండం పెట్టే చేతులే. శిల్పి వాళ్ళని నమ్మి ఆసనం ఖాళీగా వదిలేశాడు.

మెక్సికోలోని లా వెంటాలో ప్రాచీన ఓల్మెక్ ప్రజలు 16 చిన్న బొమ్మల్ని గుంపుగా నిలబెట్టి మట్టిలో పూడ్చారు. దాదాపు అన్నీ పచ్చరాతివే. 1955లో బయటపడ్డాయి. అంత కష్టపడి చెక్కి ఎవరికీ కనపడకుండా దాచారంటే, వాళ్ళకీ రాయి చూసి మెచ్చుకునే వస్తువు మాత్రమే కాదన్నమాట.

నేను చదివిన పుస్తకంలో ఫొటో కింద "శాతవాహనుల అద్భుత కళ" అని మాత్రమే ఉంది. అది నాకు చాలలేదు. అమరావతిలోనే పూర్ణకుంభం చెక్కిన ఒక పలక మీద దానం ఇచ్చినవాళ్ళ పేరుంది. విధికుడనే చర్మకారుడు, ఒక ఉపాధ్యాయుడి కొడుకు, తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి ఆ పలక ఇచ్చాడు. రాజుల పేర్లు బట్టీ పట్టే మాకు ఈ పేరు కూడా చెప్పాలి.

మా చాల్‌లో చెప్పులు కుట్టే మామకి ఇది చదివి వినిపించాను. సూది ఆపి, "రాయి మీద మనోళ్ళ పేరు రాసిండ్రా?" అన్నాడు. తర్వాత, "మళ్ళోసారి చదువు" అన్నాడు.