ఏకాంతమూ తిరుగు దారీ

భావకవిత్వాన్ని ‘పలాయనం’ అని కొట్టిపారేయడం మన విమర్శలో పాత అలవాటు. ఊరు విడిచి ఏటి ఒడ్డుకో కొండకో పోయిన కవి బాధ్యత నుంచి తప్పుకొన్నాడని ఆ వాదం. నాందేడ్‌లో గోదావరి పక్కన చదువుకొనే తెలుగు విద్యార్థులు ఈ మాటను ఒప్పుకొనే ముందు, ఆ నది ఒడ్డునే పుట్టిన రెండు కథలను తలచుకోవాలి.

మొదటిది నాందేడ్‌దే. ఇక్కడ గోదావరి గట్టున ఆశ్రమం కట్టుకొని ఉన్న మాధోదాస్ అనే బైరాగిని 1708లో గురు గోవింద్ సింగ్ కలిశారు. ఆ బైరాగే బందా సింగ్ బహాదూర్‌గా పంజాబుకు వెళ్లి మొగలులతో పోరాడాడు. రెండవది దిగువనున్న బాసరది. నేడు తెలంగాణలోని నిర్మల్ జిల్లాలో ఉన్న ఆ ముథోల్ ప్రాంతం 1956 దాకా నాందేడ్ జిల్లాలోనిదే. కురుక్షేత్రం తర్వాత మనశ్శాంతి కోసం వచ్చిన వ్యాసుడు, రోజూ స్నానం చేసి మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి అమ్మవార్లను నిలిపాడని స్థలపురాణం. ఆయన శాంతి వెతుక్కొన్న చోట ఇప్పుడు పిల్లలు అక్షరాలు దిద్దుతున్నారు. ఒకటి చరిత్ర, మరొకటి ఐతిహ్యం. రెండింటిలోనూ ఏటి ఒడ్డు మజిలీయే కాని గమ్యం కాదు.

ఈ దృష్టితో మనుచరిత్ర చదవండి. పాదలేపం పూసుకొని హిమాలయం చేరిన ప్రవరుడు సెలయేళ్లూ శిఖరాలూ నెమళ్లూ చూసి మురిసిపోతాడు. మధ్యాహ్నమైందని, తక్కినవి రేపు చూడవచ్చునని వెనుదిరుగుతాడు. అప్పటికే లేపం మంచుకు కరిగిపోయింది. కొండ అదే, చూసే కళ్లూ అవే; ఇల్లు చేరే దారి పోయిన క్షణం నుంచి ఆ అందమే చెర అయింది. వరూధిని ఎదురుపడక ముందే అతని విశ్రాంతి ముగిసింది. ఆ లేపాన్ని కథ నడిపే ఉపాయంగా మాత్రమే చూస్తే పెద్దన చేసిన ఈ సూక్ష్మమైన పరిశీలన చేజారుతుంది.

కృష్ణశాస్త్రి దగ్గర ఇది తలకిందులవుతుంది. 1925 నాటి ‘కృష్ణపక్షం’లో వినిపించే గొంతు అడవిలోనే కరిగిపోవాలని కోరుకొంటుంది, తిరిగి రావడం దానికి ఇష్టం లేదు. పలాయనమన్న ఆరోపణకు బలం ఇక్కడే ఉంది. అయితే మాయమైపోతానన్నవాడు ఆ కోరికను పాటగా కట్టి మన చేతికిచ్చాడు. కవి రానన్నా కవిత వచ్చింది. అలసిన పాఠకుడికి నీడైంది. ఆయన అనుకర్తల్లో పలువురికి ఈ మాట వర్తించదు. వారు అడవి చూడకుండానే అడవిలో కరిగారు.

కనుక ప్రకృతి కవిత ఎదురైనప్పుడు కవి ఎందుకు వెళ్లాడని నిలదీయడం కంటే, వస్తూ ఏం తెచ్చాడని అడగడం మేలు. విశ్రాంతికీ పలాయనానికీ తేడా అక్కడే తేలుతుంది.